తెలిసే చేశానని చెప్పు

చేతులు రెండూ పైకెత్తి, మోకాళ్ళు వంచి, బాతులా నడవమంటున్నాడు మైకు పట్టుకున్న కుర్రాడు, నా మోకాళ్ళు ఒకసారి వంగితే మళ్ళీ లేస్తాయన్న నమ్మకం లేదు, అయినా హాలంతా వంగింది కాబట్టి నేనూ వంగాను, శిక్షణ అంటే ఇంతే కాబోలు, పొద్దున్నే ప్రార్థన, తర్వాత జాతీయ గీతం, తర్వాత నిద్రమత్తు వదలడానికి ఈ గెంతులు, అప్పుడు గానీ పాఠం మొదలు కాదు, నాకంటే చిన్నదైన నెనీత నా భుజం పట్టుకుని నవ్వలేక చస్తూ, మనాంగ్, అక్కా, నువ్వు బాతులా లేవు, పొదిగే పెట్టలా ఉన్నావు అంది, ఊరుకోవే, ఈ ఉద్యోగం వస్తుందంటే గుడ్డు కూడా పెడతాను అన్నాను, ముందు వరుసలో రిటైరైన పంతులుగారు వెనక్కి తిరిగి చూశాడు, చూడనీ, ఆయన మాత్రం బాతులా ఉన్నాడా, నేనేమైనా అన్నానా, గోడకు కట్టిన ఫ్లెక్సీ మీద అక్షరాలు పెద్దవి, చదవడం వచ్చాక నా కళ్ళు ఊరుకోవు, కనిపించినదల్లా చదువుతాయి, నేరంలో పడిన పిల్లలతో పనిచేసే స్వచ్ఛంద సేవకులకు శిక్షణ, ఉద్యోగావకాశాలు, దాని కింద ఇలోయిలో అని ఊరి పేరు, మొదటిరోజు ఆ పొడుగు మాటల దగ్గర నా నాలుక మడతపడింది, ఇప్పుడు పడడం లేదు, మా ఆయన ఇస్కో బతికుంటే ఈ ఫ్లెక్సీ కింద నన్ను నిలబెట్టి ఫోటో తీయించేవాడు, కానీ ఇస్కో పోయాకే కదా నేను పలక పట్టింది, మొగుడు పోయిన ముసలిది అక్షరాలు దిద్దుకుంటోందని చేపల బజారంతా నవ్వింది, ఆ నవ్విన వాళ్ళే ఇప్పుడు మందుల డబ్బా మీద ఏం రాసుందో చూడు పానింగ్ అని మా గుమ్మంలోకి వస్తారు, నేను చదివి పెడతాను, ఎత్తిపొడవను, ఎప్పుడో ఒక్కోసారి తప్ప.

ఇన్నేళ్ళూ మా తీరప్రాంతపు ఊళ్ళో ఈ పని నేను ఊరికే చేశాను, ఎవడో పిల్లాడు దొంగతనం చేసి దొరికితే, రాళ్ళు విసిరి ఎవరి తలనో పగలగొడితే, వాడి వెంట సంక్షేమ ఆఫీసుకి వెళ్ళడం, వాడికి అన్నం పట్టుకెళ్ళడం, వాడు తిన్నగా నిద్రపోతున్నాడో లేదో కనుక్కోవడం, ఎవరూ నేర్పలేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు, ఇప్పుడు నగరం అంచున ఉన్న బాలుర హోమ్‌లో, కేసు నడుస్తున్నన్నాళ్ళు పిల్లల్ని ఉంచుతారే అక్కడ, పిల్లల్ని చూసుకునే అమ్మ ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది, సేవకుల్లోంచే తీసుకుంటారట, శిక్షణ పూర్తి చేసినవాళ్ళనే తీసుకుంటారట, జీతం, ఉండడానికి గది, నా పేరు ముందే అనుకున్నారని నెనీత ఎక్కడో విని వచ్చి చెప్పింది, ఇవాళ మధ్యాహ్నం భోజనాలయ్యాక చివరి పరీక్ష, పరీక్ష అంటే రాయడం కాదు, ఒకరు నేరం చేసిన పిల్లాడిలా కూర్చుంటారు, ఇంకొకరు సేవకురాలిలా మాట్లాడాలి, పాఠం చెప్పే లాయరు, అటార్నీ గారు చూస్తారు, దానికి లేనివాళ్ళకి సర్టిఫికెట్ లేదు, మళ్ళీ శిక్షణ ఎప్పుడో ఎవరికీ తెలియదు, నాకు రాయడమంటే చెయ్యి వణుకుతుంది గానీ మాట్లాడడమంటే భయం లేదు, నాతో పాటు కూర్చున్న పిల్లాడు ఎవడైనా సరే కాసేపటికి ముక్కు తుడుచుకుంటాడు, అది నాకు తెలుసు, అందుకే ఊళ్ళో అందరికీ చెప్పేశాను, వచ్చే నెల నుంచి నేను హోమ్‌లో ఉంటానని, పడవ యజమాని మెల్చోర్ ఇంట్లో చెప్పాను, చర్చి మెట్ల మీద చెప్పాను, ఆయన పడవ కేసులో ఇరుక్కున్న పిల్లాడు ఎల్మార్ పక్కన ఉండగానే చెప్పాను.

అటార్నీ చిన్నపిల్ల, వానలో తడిసిన బూట్లు విప్పి కుర్చీ కింద పెట్టి, ఉత్త కాళ్ళతో బోర్డు ముందు నిలబడింది, అది చూసి నాకు ముచ్చటేసింది, ఒక ప్రశ్న అడుగుతాను అంది, ఒక పిల్లాడు ఉన్నాడు, పదిహేను దాటింది, పద్దెనిమిది నిండలేదు, ఏదో చేశాడు, సంక్షేమ అధికారి ముందు కూర్చున్నాడు, ఆవిడ అడిగింది, నువ్వు చేసేటప్పుడు అది తప్పని నీకు తెలుసా అని, వాడు తల వంచుకుని, తెలుసు మేడమ్, తెలిసే చేశాను, క్షమించండి అన్నాడు, ఇప్పుడు వాడికేమవుతుంది చెప్పండి, హాలంతా ఒక్కసారే మాట్లాడింది, మాలో సగం మంది చర్చిలో పిల్లలకి ప్రార్థనలు నేర్పేవాళ్ళే, మంచి పిల్లాడండీ, ఒప్పుకున్నాడు కదా, క్షమిస్తారు, ఇంటికి పంపిస్తారు, పంతులుగారైతే లేచి నిలబడి పశ్చాత్తాపం గురించి రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాడు, నేనూ తలూపాను, అటార్నీ నవ్వలేదు, తన కేసుని తనే కోర్టుకు పంపుకున్నాడు అంది, మెల్లగా అంది, ఆ వయసు పిల్లాడి విషయంలో చట్టం అడిగేది ఒక్కటే, చేసినప్పుడు వాడికి తెలిసి చేశాడా, తెలియక చేశాడా, తెలియక చేశాడని తేలితే కోర్టు లేదు, ఇంటికి పంపి బుద్ధి చెబుతారు, తెలిసి చేశాడని తేలితే కేసు, ఆ కేసు తేలేదాకా హోమ్, ఏడాదో, రెండో, అక్కణ్ణుంచి ఎక్కడికో, మీరంతా ఏది మంచి జవాబన్నారో అదే వాడి మెడకు చుట్టుకునేది, హాలు చల్లబడింది, నెనీత చెయ్యెత్తింది, అంటే అటార్నీ, తెలీదు అని అబద్ధం చెప్పమని నేర్పాలా పిల్లలకి, ఏమీ నేర్పకండి అంది ఆ పిల్ల, అధికారి అడిగేదాకా అసలు ఆ సంగతే ఎత్తకండి, మీరు నేర్పిన మాట వాడి మాట కాదు, వెనకనుంచి ఎవరో, మరి మేమెందుకండీ, కుర్చీలు మొయ్యడానికా అన్నారు, అందరూ నవ్వారు, నేను నవ్వానో లేదో నాకు గుర్తు లేదు, సరిగ్గా ఆ వయసే ఉన్న ఎల్మార్‌ని ఇవాళే, భోజనాల వేళ దాటాక, మా ఊరి సంక్షేమ అధికారి మేడమ్ ఓర్లీన్ పిలిచింది.

వాణ్ణి చర్చి వెనక గదిలో కూర్చోబెట్టాను, ఆదివారం ప్రార్థన అయ్యాక, పిల్లలకి జపాలు నేర్పే గది అది, అక్షరం రానప్పుడు కూడా నేను అక్కడ నేర్పాను, చెవితో విన్నది నోటితో చెప్పించడం, తప్పు పోతే మళ్ళీ మొదటినుంచి, నాకు వచ్చినదంతా అలాగే వచ్చింది కాబట్టి ఎదుటివాళ్ళకి ఇవ్వడమూ అలాగే వచ్చు, ముందు వాణ్ణే అడిగాను, తోతో, అసలేం జరిగిందిరా అని, మగపిల్లల్ని మేం తోతో అనే పిలుస్తాం, పెద్దయ్యాక కూడా, నన్ను వాళ్ళు లోలా అంటారు, అవ్వా అని, వాడు చెప్పింది చాలా కొంచెం, పడవ నాన్నది కదా లోలా, నాన్న తోలేవాడు కదా, ఇప్పుడు తీసుకున్నవాడికి ఇంజను సంగతే తెలీదు, దాన్ని పాడుచేస్తున్నాడు, అందుకని నేను తీసుకెళ్ళాను, చేప పట్టుకుని తెల్లారాక తెచ్చి పెట్టేద్దామనుకున్నాను, పడవ వాళ్ళ నాన్నది కాదు, మెల్చోర్‌ది, పట్టిన చేపలో సగం ఆయనకీ సగం వీళ్ళకీ, వాళ్ళ నాన్న జ్వరంతో పోయాక మెల్చోర్ దాన్ని ఇంకొకరికిచ్చాడు, అందులో ఆయన తప్పేముంది, కానీ వాడు నడక నేర్చింది ఆ పడవలోనే, రెండు పక్కలా ఉండే వెదురు రెక్కలు పట్టుకుని నిలబడేవాడు, ఇంజను మధ్యలో ఆగిపోయింది, నీటి వాలు రాళ్ళ మీదకి తోసింది, రెక్క విరిగి, అడుగు చీలి, తీరం కాపలా వాళ్ళు వీణ్ణి ఒక్కణ్ణీ లాక్కొచ్చారు, అంతా విని నేనేం చేశాను, నాకు కోపం వచ్చింది, నాన్నది కదా అంటే మెల్చోర్ మండిపడతాడురా, ఆఫీసులో మేడమ్ నిన్ను మొండివాడనుకుంటుంది, తప్పు తెలిసినవాణ్ణే దేవుడు క్షమిస్తాడు, ఇలా చెప్పు, అది తప్పని నాకు తెలుసు, తెలిసే చేశాను, నన్ను క్షమించండి, చెప్పు, వాడు చెప్పలేదు, చెప్పరా, నాకు తెలుసు అన్నాడు, తెలిసే చేశాను అను, అన్నాడు, మళ్ళీ అను, తడబడితే మళ్ళీ మొదటినుంచి అనిపించాను, ఒక్క మాట కూడా తడబడకుండా వచ్చాక వాడికి అరటిపండు ముక్కలు వేయించి పెట్టాను, బహుమతి అన్నాను, తిన్నాడు, వేళ్ళు నాకాడు.

నేను చేస్తూనే ఉన్నాను, అవతల ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు, మేడమ్ ఓర్లీన్ పిల్లలతో మాట్లాడేటప్పుడు ఫోన్ సొరుగులో పెట్టేస్తుంది, మంచి అలవాటు అని నేనే మెచ్చుకున్నాను ఒకప్పుడు, భోజనాలు వచ్చాయి, అందరూ పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడ్డారు, వేయించిన చేప, అన్నం, రంగు నీళ్ళు, నెనీత నా చేతిలో సంచి చూసి ఎక్కడికే అంది, ఊరికి, పిచ్చా నీకు, గంటసేపట్లో నీ వంతు, నువ్వూ నేనూ జంట, నేను దొంగపిల్లాడిగా కూర్చుంటాను, నువ్వు మాట్లాడతావు, నేను ఏడుస్తాను కూడా, ముందే అనుకున్నాం కదా, నెనీతా, నేను ఎల్మార్‌కి నేర్పాను, ఏం నేర్పావు, అదే, అటార్నీ చెప్పిందే, తెలిసే చేశానని, దాని ముఖం మారింది, అయినా అంది, నేను కూడా నేర్పి ఉంటే అదే నేర్పేదాన్ని, అందరం అదే నేర్పుతాం, అటార్నీని అడుగు, నీ పరీక్ష ముందు పెట్టమని, ఆమె పెడుతుంది, అడగొచ్చు, అడిగితే ఎందుకంటుంది, చెప్పాలి, చెబితే నాకు ఆ ఉద్యోగం ఎలాగూ ఇవ్వరు, చెప్పకుండా ఇక్కడ కూర్చుంటే ఇస్తారు, ఈ రెండూ నా తలలో ఎంత చక్కగా, ఎంత త్వరగా వరసన నిలబడ్డాయో చూసి నాకే సిగ్గేసింది, నెనీత నా చెయ్యి వదల్లేదు, మనాంగ్, నువ్వు చేరేసరికే అడిగేసి ఉంటుంది, నువ్వు వెళ్ళి చేసేదేముంది, ఇక్కడిదీ పోతుంది, అక్కడిదీ పోతుంది, నిజమే, అది చెప్పిందంతా నిజమే, నేను దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి మెట్లు దిగాను, వెనకనుంచి, కనీసం చేప ముక్కైనా చేత్తో పట్టుకుపోవే అని అరిచింది.

జీపులో తలుపు లేని వైపు కూర్చుంటే వాన మోకాళ్ళ మీద పడుతోంది, ప్లాస్టిక్ తెర దింపండయ్యా అంటే డ్రైవరు, చిరిగిపోయింది నానాయ్, పుణ్యం వస్తుంది తడవండి అన్నాడు, పెద్ద ఆడవాళ్ళంతా వీళ్ళకి నానాయ్‌లే, అమ్మలే, జీపు కదలదు, ప్రతి మలుపులో ఆగుతుంది, ప్రతి దుకాణం ముందు ఎవరో ఎక్కుతారు, నా కళ్ళు చదువుతూనే ఉన్నాయి, ఇక్కడ టైర్లకు గాలి పట్టబడును, పళ్ళు నొప్పి లేకుండా తీయబడును, శవపేటికలు అద్దెకు కాదు అమ్మకానికే, ఇది ఎవడు రాశాడో, గోడ మీద మూత్రం పోయరాదు, అది తప్పని నాకు తెలుసు, తెలిసే చేశాను, ఈ మాటలు ఎక్కడా రాసి లేవు, నా నోట్లో తిరుగుతున్నాయి, వాడికి అప్పగించిన మాట ఇప్పుడు నాకే జపంలా పట్టుకుంది, సరే, వెళ్ళి ఏం చెప్పాలి వాడికి, తోతో, నేను చెప్పింది మర్చిపో, తెలియదు అని చెప్పు అనాలా, అప్పుడు నేను వాడికి రెండోసారి నేర్పినట్టు, ఈసారి అబద్ధం, అబద్ధమేనా, వాడికి నిజంగా తెలుసా తెలియదా, పడవ ఎవరిదో తెలియకుండా ఉంటుందా, ఇంజను వేయకుండా గడకర్రతో తోసుకుంటూ వెళ్ళాడట చాలా దూరం, కాపలా వాళ్ళు రాశారు అది, దొంగలా వెళ్ళాడని, కానీ వాళ్ళ నాన్న కూడా అలాగే వెళ్ళేవాడు, నేను చూశాను, మెల్చోర్‌కి నిద్ర పట్టదని, ఇంజను శబ్దం వింటే తిడతాడని, తీరం దాటాకే వేసేవాడు, ఇది నేను చెప్పొచ్చు కదా, మేడమ్, వాడు దాక్కుని వెళ్ళలేదు, నాన్న వెళ్ళినట్టే వెళ్ళాడు అని, ఇది ఎందుకు ముందే తోచలేదు నాకు, ఆదివారం నాడు ఆ గదిలో ఇది తోచి ఉంటే, తోచలేదు, నాకు తోచింది దేవుడూ క్షమాపణా అరటిపండూ, ఇస్కో ఒకసారి అన్నాడు, నీకు ఎదుటివాడు మాట పూర్తి చేసేదాకా ఆగడం రాదు పానింగ్, వాడి మాట నువ్వే పూర్తి చేసేస్తావు అని, అప్పుడు దెబ్బలాడాను, ఆపు, ఆపండయ్యా, మా ఊరు వచ్చింది.

ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు, కాళ్ళు ఊపుతూ, ఎవరో ఇచ్చిన రొట్టె తింటూ, నన్ను చూడగానే లేచి వచ్చి, తడిసిన నా చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకున్నాడు, పెద్దవాళ్ళు కనబడితే మా పిల్లలు చేసే పనే అది, వాడు ఎప్పుడూ మర్చిపోడు, ఎంత దొంగైనా, ఎంత మొండైనా, లోలా, అయిపోయింది అన్నాడు, ఏమైపోయింది, మాట్లాడడం, నువ్వు చెప్పింది ఒక్క మాట కూడా తడబడకుండా చెప్పాను, మేడమ్ చాలా బాగా చెప్పావంది, వాడి కళ్ళల్లో వెలుగుంది, ఆ పడవ పోయిన రోజు నుంచీ నేను చూడని వెలుగు, నువ్వు ఇక్కడే కూర్చో, కదలకు అన్నాను, ఎందుకు లోలా, వాన కదా అన్నాను, వాన వరండాలోకి రాదు కదా అన్నాడు, నేను లోపలికి వెళ్ళాను, నేలంతా నా పాదాల తడి.

మేడమ్ ఓర్లీన్ కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంటోంది, అలసిన పిల్ల, దాని బల్ల మీద ఎప్పుడూ సగం తాగిన కాఫీ, నానాయ్, మీరా, నగరంలో ఉండాలి కదా అంది, ఆ మాటలు నావి మేడమ్, నేనే నేర్పాను, వాడికి తెలియదు, పడవ నాన్నదనే అనుకున్నాడు, గడకర్రతో నాన్న వెళ్ళినట్టే వెళ్ళాడు, నేను కూర్చోబెట్టి అనిపించాను, రాయకండి అది, ఇంత ఒక్క ఊపిరిలో చెప్పాను, ఆమె కుర్చీ చూపించింది, నేను కూర్చోలేదు, ఆ మాటలు మీవని నాకు తెలుసు నానాయ్ అంది, వీడొక్కడే కాదు, ఇక్కడికి వచ్చే ప్రతివాడూ ఎవరో నేర్పిన మాట ఒకటి పట్టుకుని వస్తాడు, ఒకడికి అమ్మ నేర్పుతుంది, ఒకడికి పోలీసాయన నేర్పుతాడు, వినేసి పక్కన పెట్టేస్తాను, నేను వేరే అడిగాను, వాళ్ళ నాన్న గురించి, ఏ గాలికి ఏ చేప పడుతుందో, పడవ ఎలా తోస్తారో, బాగా మాట్లాడాడు, నవ్వాడు కూడా, అప్పుడు అడిగాను, ఎవరూ నేర్పకముందు, ఆ పొద్దున, నీ మనసులో ఏముంది అని, దేవుడా, ఈ పిల్ల తెలివైనది అనుకున్నాను, ఏమన్నాడు అన్నాను, ఆమె కళ్ళజోడు పెట్టుకుంది, ఎవరూ నేర్పలేదు, నాకే తెలుసు అన్నాడు, అంతకు ముందు రోజు మెల్చోర్ తాతని అడిగాను, ఇవ్వనన్నాడు, అందుకే ఆయన లేవకుండా గడకర్రతో తోసుకుపోయాను, తప్పని తెలుసు, రెండుసార్లు అడిగాను నానాయ్, రెండుసార్లూ అదే చెప్పాడు, మీ మాటల్లో కాదు, వాడి మాటల్లో.

మెల్చోర్‌ని అడగలేదు వాడు, అడిగి ఉంటే మెల్చోర్ ఊరంతా చెప్పేవాడు, నేను అదే అన్నాను, అంతా అయిపోయాక ఇంకొకటి అడిగాడు అంది ఆమె, నన్ను హోమ్‌కే పంపిస్తారా, ఇంకెక్కడికైనా పంపిస్తారా, లోలా పానింగ్ అక్కడికి ఎప్పటినుంచి వస్తుంది, ఒకటో తారీకునా అని, మీరు చెప్పారేమో అనుకున్నాను, వాణ్ణి తీసుకుని వాళ్ళ పిన్ని వచ్చింది, వాడి ముందే చెప్పి పోయింది, మీరు వదిలేసినా మా ఇంట్లో వాడికి చోటు లేదు, నా పిల్లలే ఒకరి మీద ఒకరు పడుకుంటున్నారు అని, అయితే అందుకే చెప్పాడు మేడమ్, చూశారా, అది నిజం కాదు, నా కోసం అల్లిన మాట అది, అదెలా రాస్తారు, ఆమె గొంతు తగ్గించింది, నిజమో కాదో మనిద్దరికీ తెలీదు నానాయ్, మెల్చోర్‌ని నేనూ అడుగుతాను, పడవ తోయడం సంగతి మీరు చెప్పింది రాస్తాను, మీరు నేర్పారన్నదీ రాయాలి, కానీ ఒకటి, ఇలా చెబితే అక్కడికి పంపుతారు, అక్కడ మీరుంటారు, పిన్ని ఇంటికంటే అది నయం అని ఆలోచించుకుని చెప్పాడంటే, తను అన్న మాటతో తర్వాతేం జరుగుతుందో వాడికి బాగా తెలుస్తోందనే కదా, చట్టం నన్ను చూడమనేది కూడా అదే, ఆమె కఠినంగా అనలేదు, అన్నాక కాఫీ కప్పు అటు తిప్పి ఇటు తిప్పింది, శిక్షణ ఇవాళ సాయంత్రం దాకా కదా, త్వరగా వదిలేశారా అంది, నేను చేతిలో సంచి సర్దుకున్నాను, ఆమెకు అర్థమైంది, అయ్యో నానాయ్ అంది, అంతే.

బల్ల మీద వాడి పక్కన కూర్చున్నాను, తడిసిన గౌను మోకాళ్ళకి అంటుకుపోయింది, వాడు రొట్టెలో మిగిలిన సగం నాకిచ్చాడు, వద్దంటే ఊరుకోలేదు, నువ్వేమీ తినలేదు, నీ నోరు చూస్తే తెలుస్తుంది అన్నాడు, అదీ తెలుసు వాడికి, లోలా, అక్కడ వంట కూడా నువ్వే చేస్తావా, లేకపోతే ఊరికే చూసుకోవడమేనా, నువ్వే వండితే కందుల్లో పనసకాయ వెయ్యి, మాంసం లేకపోయినా ఫర్వాలేదు, అక్కడ పెద్ద పిల్లలు కొడతారట కదా, నువ్వుంటే కొట్టరులే, నీ గది ఎటువైపు, వాన మెట్ల మీద పడి చిట్లుతోంది, లోపల మేడమ్ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది, మాటలు వినబడడం లేదు, వాడు కాళ్ళు ఊపుతున్నాడు, నేను వాడికి మాట అందించబోయి ఆగాను, వాడి మాట వాడే పూర్తి చేసుకోనిచ్చాను, వాడు పూర్తి చేశాడు, మేడమ్ మళ్ళీ పిలిచి అడిగినా అదే చెబుతాను లోలా, మార్చను అన్నాడు, తెలిసి చేశాడా తెలియక చేశాడా అని ఇక మెల్చోర్‌ని అడుగుతారు, కాపలా వాళ్ళని అడుగుతారు, నన్నూ అడుగుతారు, పడవ ఎవరిదో వాడికి తెలుసేమో, తెలియదేమో, కానీ పిన్ని ఇంట్లో చోటు లేదని తెలుసు, ఏ మాట అంటే ఏ తలుపు తెరుచుకుంటుందో తెలుసు, ఆ తలుపు వెనక ఏళ్ళు గడిచిపోతాయనీ తెలుసు, తెలిసే అన్నాడు, ఇన్ని తెలిసినవాడికి తెలియనిది ఒక్కటే, ఆ ఇంట్లో నేను ఉండను, అది నేనే చెప్పాలి, ఈ రొట్టె ముక్క మింగాక, ఇప్పుడే, నా నోటితోనే.